జేజినాయన తెచ్చిన జర్మన్ ఆఫీసర్ బాకు: అసలుదేనా, ఇంట్లో పెట్టుకోవచ్చా?

కర్నూలు_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది కర్నూలు. మా జేజినాయన రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు, ఇటలీ దాకా పోయి వచ్చారు. ఆయన తెచ్చిన బాకు ఒకటి ఇన్నేళ్ళూ బీరువాలోనే ఉండింది. దసరాకి తీయడం, బొట్టు పెట్టడం, మళ్ళీ లోపల పెట్టేయడం, అంతే. అదేమిటో, ఎక్కడిదో ఎవరూ పట్టించుకోలేదు. ఇల్లు పంచుకునేటప్పుడు దాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి నాకొచ్చింది.

పిడి నారింజ రంగులో ఉంది, దాని మీద ఏటవాలుగా మెలి తిరిగిన గాళ్ళు ఉన్నాయి. పిడి కింద అడ్డంగా ఉండే ముక్క మీద రెక్కలు చాపిన గద్ద, దాని కాళ్ళ కింద స్వస్తిక. ఒర వెండి రంగు, పైనంతా సన్న బుడిపెలు, రెండు రింగులు వేలాడుతున్నాయి. బ్లేడు మీద రాతలేం లేవు, పిడికి దగ్గరగా చిన్న ఉడత బొమ్మ, కింద జర్మన్ అక్షరాలు ఉన్నాయి. టేపు పెడితే బ్లేడు 25 సెంటీమీటర్ల పైనే వచ్చింది.

ఇది అసలుదేనా? ఇంట్లో పెట్టుకుంటే పోలీసు కేసు గట్రా అవుతుందా? మన సీమలో ఇంట్లో బాకు ఉందంటే పక్కింటోళ్ళు ఎట్లా చూస్తారో మీకు చెప్పక్కర్లేదు. మా చిన్నాయనేమో నాకిస్తే బ్రాసో పెట్టి తళతళలాడిస్తా అంటున్నాడు, ఇవ్వాలా వద్దా?

ఇంకో సంగతి, దీని గురించి చదువుతూ చదువుతూ నాకూ పిచ్చి పట్టింది, ఇంకొన్ని పోగు చేద్దామని ఉంది. హైదరాబాద్‌లో ఒక డీలర్ ఎస్.ఏ. (హిట్లర్ నాజీ పార్టీ దళం) బాకు అని 45 వేలకు ఇస్తానంటున్నాడు. ఫొటోలు పంపాడు, త్వరగా చెప్పు వేరే వాళ్ళు కూడా అడుగుతున్నారు అని రోజూ మెసేజ్‌లు. కొనొచ్చా?

గుత్తికోట

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది జర్మన్ ఆర్మీ ఆఫీసర్ల బాకు, 1935 మోడల్. యుద్ధంలో పొడవడానికి చేసింది కాదు, యూనిఫాం మీద నడుముకి వేలాడదీసుకుని బయట తిరగడానికి చేసింది. అందుకే బ్లేడుకి పదును ఉండదు, ఇప్పుడు మీరు పట్టించకండి కూడా. ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళు కాబట్టి ఒకే మోడల్‌లోనే పిడి రంగులు, తయారీదారులు, నాణ్యత రకరకాలుగా కనిపిస్తాయి. తెల్ల పిడి ఉన్నది అసలు, నారింజది నకిలీ అని ఎవరైనా అంటే నమ్మకండి, తెలుపు నుంచి ముదురు నారింజ దాకా అన్నీ ఉన్నాయి.

ఉడత బొమ్మ కార్ల్ ఐక్‌హార్న్ కంపెనీది. సోలింగెన్ అని జర్మనీలో కత్తుల ఊరు, దాదాపు అందరు తయారీదారులూ అక్కడివాళ్ళే. రాజు తల, వీరుడి తల కలిపి వేసేది డబ్ల్యు.కె.సి., రెండు కొంగలు రాబర్ట్ క్లాస్. ఐక్‌హార్న్ ఉడత కూడా కాలాన్ని బట్టి రూపం మారుతూ వచ్చింది, ముద్ర కాలమూ బాకు మోడల్ కాలమూ కలవాలి. 1935 మోడల్ మీద 1920ల నాటి ముద్ర ఉంటే ఎక్కడో అతుకు పడిందని అర్థం.

ముద్ర ఒక్కటే చూసి తేల్చేయకండి, నకిలీ చేసేవాడు మొట్టమొదట దించేది ముద్రనే. గద్ద రెక్కల మీద ఈకలు భూతద్దంలో చూడండి. అసలువాటిలో గీతలు కోసినట్టు తేటగా ఉంటాయి, చేత్తో సాపు చేసిన ఆనవాళ్ళు కనిపిస్తాయి. అసలుదాని మీద అచ్చు తీసి పోతపోసిన నకిలీలలో ఈకలు కరిగిన సబ్బు మీది గీతల్లా మొద్దుబారి ఉంటాయి, పల్లపు చోట్ల గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. పిడి చివరి గుండు మరతో బిగించి ఉంటుంది, ఎడమకి తిప్పితే వస్తుంది. రాకపోతే బలవంతం చేయొద్దు, పకారు అసలే పెట్టొద్దు. వస్తే పిడి, గార్డు (పిడి కింద అడ్డ ముక్క), తోలు వాషరు విడిగా వస్తాయి. అప్పుడు లోపల ఎంత బాగా కూర్చున్నాయో చూడండి. ఏళ్ళ తరబడి కలిసి ఉన్న ముక్కల మధ్య ఒకే తీరు మరకలు, ఒకే తీరు దుమ్ము ఉంటాయి. గార్డు కింద తోలు కొత్తగా మెరుస్తుంటే ఆలోచించాలి.

పిడి సంగతి. చెక్క లేదా ప్లాస్టర్ మీద సెల్యులాయిడ్ తొడిగినవి ఎక్కువ. బొటనవేలితో కాసేపు గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడే, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం కలుపుతారు. కొంతమంది వేడి సూది గుచ్చి చూడమంటారు, ఆ పని చేయొద్దు. సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది, అంటుకోకపోయినా మచ్చ మిగులుతుంది.

మీ జేజినాయన స్వయంగా తెచ్చిందనేది పెద్ద బలం. సాధారణంగా కథ విని కొనకూడదు, వస్తువు చూసి కొనాలి అంటాను. మీ విషయంలో కథకి కాగితం కూడా దొరకొచ్చు. డిశ్చార్జి పుస్తకం, పాత ఫొటోలు ఏమున్నా బాకుతో పాటే పెట్టుకోండి. లేకపోతే సర్వీసు వివరాలతో బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్ అంటే అదే) రికార్డ్స్‌కి రాయండి. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు చెప్తారు.

హైదరాబాద్‌ది తర్వాత. ముందు ఆ ఫొటోలు ఎలా ఉన్నాయో చెప్పండి.

తుంగభద్ర_గట్టు

చట్టం సంగతి నేను చెప్తా, కోర్టు చుట్టూ తిరిగే పనే మాది.

1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు, పదునైన మారణాయుధాలు కూడా. కూరగాయల కత్తి, కొడవలి లాంటి ఇంటి, సేద్యపు పనిముట్లకే మినహాయింపు. 2016 రూల్స్ షెడ్యూల్‌లో కత్తులు, బాకులు, బాయ్‌నెట్‌ల జాబితా ఉంటుంది, బ్లేడు 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అన్న కొలత అక్కడిదే. 9 అంగుళాలంటే 22.86 సెంటీమీటర్లు, మీది 25 దాటింది కాబట్టి కొలత లోపలికే వస్తుంది.

అలాగని ఇంట్లో ఉన్నంత మాత్రాన నేరం అని కాదు. కత్తులకి లైసెన్సు అవసరం తుపాకీలా దేశమంతా ఒకేలా ఉండదు. 4వ సెక్షన్ కింద ప్రభుత్వం ఏ ప్రాంతానికైతే నోటిఫికేషన్ ఇస్తుందో అక్కడే లైసెన్సు లేకుండా అలాంటి ఆయుధం కొనడం, ఉంచుకోవడం, తీసుకుపోవడం నేరం, 25వ సెక్షన్ కింద కేసు. కాబట్టి కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌కి ఒక అర్జీ పెట్టండి. మా తాతగారు సైన్యంలో చేసి తెచ్చిన వస్తువు, వారసత్వంగా వచ్చింది, పదును లేదు, ఫొటో జత చేశాను, మా చిరునామాకి ఏ నోటిఫికేషన్ వర్తిస్తుందో తెలపండి అని. స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. రేపు ఎవరైనా గిట్టనివాళ్ళు ఫిర్యాదు చేసినా మీరు దాచిపెట్టలేదు అనడానికి అదొక్క కాగితం చాలా పనికొస్తుంది.

ఇంట్లో ఉంచుకోవడం వేరు, చేత్తో పట్టుకుని తిరగడం వేరు. ఎవరికో చూపిద్దామని సంచిలో పెట్టుకుని బస్సెక్కొద్దు, ఎన్నికల కోడ్ ఉన్నప్పుడైతే చెక్‌పోస్టు దగ్గర సంజాయిషీ ఇచ్చుకోలేక చస్తారు. పెళ్ళి ఊరేగింపులో ఊపడం, వాట్సాప్ స్టేటస్ పెట్టడం, రీల్ చేయడం, ఇవేవీ వద్దు. ఈ మధ్య కత్తులతో ఫొటోలు పెట్టి స్టేషన్‌కి పోయినవాళ్ళ వార్తలు చూస్తూనే ఉన్నాం. కొరియర్‌లో పంపించుకోవడం కూడా తలనొప్పే, కవరు మీద గిఫ్ట్ ఐటెం అని రాస్తే ఇంకా పెద్ద తలనొప్పి.

ఎస్.ఏ. బాకుల బ్లేడు 22 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 9 అంగుళాలకి కాస్త తక్కువే. దాంతో లైన్ క్లియర్ అనుకునేరు. రాత్రి పది గంటలకి ఎస్సై టేపు తెప్పించి కొలిచి వదిలేస్తాడా?

బనగానపల్లె_మామిడి

చిన్నాయనకి దండం పెట్టి బ్రాసో డబ్బా లాక్కోండి ముందు. బ్రాసోలో రాపిడి పొడి ఉంటుంది, వెండి పూత లేచిపోయి కింద లోహం బయటపడుతుంది. ఒకసారి పోయిన పూత మళ్ళీ రాదు, సగం ధర అక్కడే పోతుంది. మెత్తటి కాటన్ గుడ్డ, బ్లేడు మీద ఒకట్రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె, తుడిచేయడం, అంతే. వేలిముద్రలు పడితే వెంటనే తుడవాలి, చెమటకి బ్లేడు మీద ముద్ర అట్లే నిలిచిపోతుంది. దసరాకి బొట్టు పెట్టాలంటే తడి కుంకుమ నేరుగా పెట్టకుండా పక్కన పెట్టె మీద పెట్టండి, దేవుడేమీ అనుకోడు.

గుత్తికోట

పై మాటకి ఒక్కటి కలుపుతా. ఆ సెల్యులాయిడ్ పిడిని మన ఎండాకాలం ఇనుప బీరువాలో గాలాడకుండా మూసి పెట్టొద్దు. పాతబడే కొద్దీ అది యాసిడ్ ఆవిర్లు వదులుతుంది, పక్కనున్న లోహాన్ని తినేస్తుంది. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, గాలి తగిలే చెక్క పెట్టెలో, సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టడం అన్నిటికన్నా చెడ్డది.

కడప_కటారి

అందరూ జర్మన్ జర్మన్ అంటుంటే నాకు నవ్వొస్తోంది. వారసత్వంగా వచ్చింది ఎలాగూ దాచుకుంటావు, మంచిదే. పోగు చేద్దామనుకుంటే మాత్రం 45 వేలు పెట్టి సోలింగెన్ ఎందుకయ్యా, మన దక్కనులో చేసిన కటార్ల ముందు అవి నిలుస్తాయా?

కటారి పిడి చూశావా, రెండు నిలువు పట్టీల మధ్య అడ్డ కమ్మీలు, పిడికిలి బిగించి పట్టుకుంటే బ్లేడు చేతికి సూటిగా ముందుకు పొడుచుకొస్తుంది. విజయనగరం, తంజావూరు కటార్లకి చేతిని కాపాడే ఆకు లాంటి కవచం కూడా ఉంటుంది. అప్పట్లో మనవాళ్ళు ఐరోపా నుంచి వచ్చిన కత్తుల బ్లేడ్లు కోసి కటార్లకి బిగించుకునేవాళ్ళు, దక్షిణాది పాత కటార్లలో చాలావాటికి అవే. మద్రాసు ఎగ్మూర్ మ్యూజియంలో తంజావూరు ఆయుధాలు ఉన్నాయి, హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో ఆయుధాల గ్యాలరీ ఉంది. ఈ రెండూ చూడకుండా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి వస్తువు కొనొద్దు, కంటికి అసలు నాణ్యత అలవాటైతే నకిలీ దానంతటదే పట్టుబడుతుంది.

మన ఊళ్ళ చరిత్రే ఆయుధాల చరిత్ర. 1800లో నిజాం ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక మన్రో వచ్చి సుమారు 80 మంది పాళెగాళ్ళని లొంగదీసుకున్నాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేస్తున్నాడన్న అనుమానంతోనే కంపెనీ సైన్యం వచ్చింది, జోహరాపురం దగ్గర యుద్ధం జరిగింది, కర్నూలు వాళ్ళ చేతికి పోయింది. నీ ఇంటికి నడక దూరంలో జరిగిన కథ ఇది, నువ్వేమో హిట్లర్ పార్టీ బాకుకి బేరమాడుతున్నావు!

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువే. నమోదు తప్పనిసరి చేసినవి ముఖ్యంగా శిల్పాలు, చిత్రపటాలు, బొమ్మలున్న రాతప్రతులు. కానీ ఏ పురావస్తువైనా వ్యాపారంగా అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం ప్రైవేటు మనిషికి కుదరదు. మీ జేజినాయన బాకు అప్పుడే అందులోకి రాదు, నూరేళ్ళు నిండలేదు. కటార్లు కొనేటప్పుడు మాత్రం డీలర్ లైసెన్సు అడిగి, బిల్లు తీసుకునే కొను. ఏదో కోట గోడలో దొరికింది సార్ అన్నవాడి దగ్గర అసలు కొనొద్దు. అది నిజమైతే దొంగసొత్తు, అబద్ధమైతే నకిలీ.

కర్నూలు_కుర్రోడు

అందరికీ చాలా థ్యాంక్స్. చిన్నాయనకి ఫోన్ చేసి చెప్పేశా, కాస్త అలిగాడు. అర్జీ రాస్తున్నా.

గుండు తిరగలేదు, వదిలేశా. పిడి రుద్దితే కర్పూరం వాసన వచ్చింది, ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు వాసన చూశారు. ఈకలు భూతద్దంలో తేటగానే ఉన్నాయి, గుంటలేం కనపడలేదు. ఉడత కూర్చుని కత్తి పట్టుకుని ఉంది, చుట్టూ ఒరిజినల్ ఐక్‌హార్న్ సోలింగెన్ అని చదవగలిగాను.

హైదరాబాద్ బాకు ఫొటోలు: గోధుమ రంగు చెక్క పిడి, దానిలో చిన్న గద్ద. బ్లేడు మీద ఒకవైపు అల్లెస్ ఫ్యూర్ డాయిచ్‌లాండ్, రెండోవైపు ఎర్న్‌స్ట్ రోమ్ అనే ఆయన పేరుతో స్నేహపూర్వకంగా అని ఒక పెద్ద లైను, దాని పైన ఆర్.జెడ్.ఎం. ఎం7/66 అని ముద్ర. రోమ్ పేరున్నవి చాలా అరుదు, అందుకే ఈ రేటు అంటున్నాడు. నిన్న 38కి దిగాడు.

@కడప_కటారి అన్నా, సాలార్‌జంగ్ వచ్చే నెల పోతా, నిజంగా.

గుత్తికోట

మీ ఇంటిది అసలుదే అనుకోవడానికి చాలా కారణాలున్నాయి. కూర్చున్న ఉడత ముద్ర ఆ కాలానికి సరిపోతుంది. దాని మీద ఆర్.జెడ్.ఎం. గుర్తు లేకపోవడం కూడా మంచిదే. ఆర్.జెడ్.ఎం. అనేది నాజీ పార్టీ సరుకుల మీద ఆజమాయిషీ చేసే సంస్థ, సైన్యం బాకులకి దానితో పని లేదు. సైన్యం బాకు మీద అది కనిపిస్తే వెనక్కి ఇచ్చేయాలి.

ఇక హైదరాబాద్‌ది. కొనొద్దు. 38కి కాదు, 8కి ఇచ్చినా వద్దు.

ఎర్న్‌స్ట్ రోమ్ ఎస్.ఏ. అధిపతి. ఆయన పేరుతో చెక్కిన బాకులు 1934 తొలి నెలల్లో పంచారు. అదే ఏడు జూన్ 30న హిట్లర్ ఆయన్ని అరెస్టు చేయించాడు, మర్నాడు చంపించాడు. ఆ తర్వాత బాకుల మీద ఆయన పేరు గీకేయమని ఆదేశం వచ్చింది. అందుకే ఇప్పుడు దొరికేవాటిలో పేరు పాక్షికంగానో పూర్తిగానో అరగదీసినవే ఎక్కువ, చెక్కుచెదరని రాత ఉన్నవి నిజంగానే అరుదు, ధర కూడా బాగా ఎక్కువ. మీ డీలర్ అంత వరకు నిజమే చెప్పాడు. కానీ ఎం7/66 లాంటి ఆర్.జెడ్.ఎం. నంబర్లు బాకుల మీద కొట్టడం మొదలైంది రోమ్ చచ్చిపోయాకే. ఆ నంబరు ఐక్‌హార్న్‌దే, దానిలో తప్పు లేదు. కానీ హిట్లర్ చంపించిన రోమ్ స్నేహ సందేశం, ఆయన పోయాక వచ్చిన కంట్రోల్ నంబరు ఒకే బ్లేడు మీద ఎలా ఉంటాయి? నకిలీ చేసినవాడు రెండు వేర్వేరు బాకుల నుంచి ఎక్కువ ధర పలికే గుర్తులు రెండూ ఒకచోటికి తెచ్చాడు.

అసలు ఎస్.ఏ. బ్లేడుకి ఇంకో గుర్తు ఉంది, ముందు ముందు పనికొస్తుంది. పాలిష్ గీతలు బ్లేడు పొడుగునా కాకుండా అడ్డంగా ఉంటాయి, వెలుగులో వంచి చూస్తే సన్నగా కనిపిస్తాయి. అద్దంలా మెరిసే బ్లేడు అయితే ఎవరో తర్వాత బఫింగ్ కొట్టారని అర్థం. రాత యాసిడ్‌తో దించింది, అంచులు సమంగా, లోపల ముదురు రంగుతో ఉంటుంది.

నకిలీలు ఎక్కడెక్కడో తయారవుతాయి, మన దేశంలో కూడా చేస్తారు. సినిమాలకీ అలంకారానికీ అని అమ్మితే దాంట్లో మోసమేం లేదు, మధ్యలో ఎవరో పాతగా కనిపించేలా చేసి అసలుదని అమ్మినప్పుడే మోసం. ఇంకో రకం ఉంది, అది నకిలీకన్నా చిక్కు. యుద్ధం అయిపోయాక సోలింగెన్‌లో మిగిలిపోయిన అసలు ముక్కలనే బిగించి అమెరికా సైనికులకి అమ్మారు. ముక్కలన్నీ అసలువే, బాకు మాత్రం యుద్ధం చూడలేదు. దానికి ఎంత ఇవ్వాలనేది కొనేవాళ్ళ ఇష్టం, నేనైతే సగం కూడా ఇవ్వను.

ఆదోని_పత్తి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఆ స్వస్తిక ఉన్న వస్తువుల్ని షోకేసులో పెట్టుకోవడం మీకెవరికీ ఇబ్బందిగా అనిపించదా? లక్షల మందిని చంపినవాళ్ళ గుర్తు అది. మన స్వస్తిక వేరు అని ఎంత చెప్పినా చూసేవాడికి అదే కదా.

గుత్తికోట

అడగాల్సిన ప్రశ్నే. జర్మనీలో ఆ గుర్తు బహిరంగంగా చూపించడమే నేరం, అమ్మకాల కేటలాగుల్లో దాని మీద కాగితం అంటించి ఫొటో వేస్తారు. నా మట్టుకు పార్టీ బాకులు కొనను, చూడటం, తెలుసుకోవడం వరకే. ఈయన ఇంట్లోది వేరే లెక్క, ఆ సైన్యాన్ని ఓడించిన వైపు నిలబడి పోరాడినాయన తెచ్చుకున్నది. దాని పక్కన ఆయన మెడల్స్, ఫొటో పెడితే అది ఎవరి కథో ఇంటికొచ్చినవాళ్ళకి అర్థమవుతుంది. మెడల్స్ లేకుండా బాకు ఒక్కటే గోడకి తగిలిస్తే మీరన్నట్టే అనిపిస్తుంది.

కర్నూలు_కుర్రోడు

మెడల్స్ ఉన్నాయి, ఇటలీ స్టార్ కూడా ఉంది. అవి మా అత్త దగ్గర నంద్యాలలో ఉన్నాయి, అడుగుతా.

డీలర్‌కి ఆర్.జెడ్.ఎం. సంగతి రాశా. నీకు తెలియదు తమ్ముడూ, కొన్నింటికి తర్వాత కొట్టారు అన్నాడు. దానికేమైనా ఆధారం పంపండి అన్నా, బ్లాక్ చేశాడు.

గుత్తికోట

38 వేలు మిగిలాయి.

అత్త దగ్గరికి ఎలాగూ పోతున్నారు కాబట్టి ఇంకో రెండు వస్తువుల కోసం కూడా చూడండి. ఒర రింగులకి తగిలించే జంట పట్టీలు ఉంటాయి, వెండి రంగు జరీ పట్టీ, కొక్కేలతో. ఇంకోటి పిడికి చుట్టి ముడేసే వెండి జరీ తాడు, చివర కాయ లాంటి కుచ్చు ఉంటుంది. పాత ట్రంకు పెట్టెల్లో మెడల్ రిబ్బన్లతో కలిసిపోయి ఉంటాయి, మనవాళ్ళు చీర జరీ అనుకుని పక్కన పడేస్తారు. దొరికితే ఉతకొద్దు.